గహ్వా కప్పులో జపాన్ నీలం

బార్కస్‌లో శొంఠి ఘాటుతో పొగలు కక్కే గహ్వా. అరబ్బులు దాన్ని పోసుకునే చిన్న కప్పు పేరు ఫింజాన్. తెలుగింటి పింగాణీకీ ఆ ఫింజాన్‌కీ చుట్టరికం ఉంది. అంతేకాదు... అలాంటి కప్పుల కోసమే ఒకప్పుడు జపాన్‌లో ఓ కొండ ఊరు ఊరంతా కుంచె పట్టింది. తెల్లటి పళ్ళెం మీద నాలుగు నీలిరంగు గీతలే కదా అనుకుంటాం కానీ, వాటి వెనక చాలా కథ ఉంది!

చార్మినార్ నుంచి దక్షిణంగా బయల్దేరితే ముందు ఫలక్‌నుమా వస్తుంది. ఆ తర్వాత చాంద్రాయణగుట్ట. అది దాటి పహాడీ షరీఫ్ దారి పట్టామా... బార్కస్. తోపుడుబళ్ళ మీద జామకాయల గుట్టలు, గళ్ళ లుంగీల దుకాణాలు, అత్తరు వాసనలు. సాయంత్రం నమాజు ముగిశాక అరుగుల మీద కబుర్లు. మాటలు దక్కనీ ఉర్దూలోనే నడుస్తున్నా మధ్యమధ్య ఓ అరబ్బీ పదం దొర్లుతుంది. పేర్లు కూడా 'బిన్' అనో 'బా' అనో మొదలవుతాయి.

నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల వారసులు వీళ్ళు. సైనికుల బ్యారక్స్ ఉన్న చోటు కాబట్టి ఆ ఇంగ్లిషు మాటే జనం నోళ్ళలో నలిగి నలిగి 'బార్కస్' అయింది. ఆ అరబ్బు జమేదార్లలో ఒకరు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. హైదరాబాద్‌లో సంపాదించిన డబ్బుతో, పలుకుబడితో 19వ శతాబ్దంలో ఆయన సొంతగడ్డ మీద ఏకంగా ఓ రాజ్యానికి పునాది వేశారు! ముకల్లా రాజధానిగా ఆయన వంశం 1967 దాకా పాలించింది. ఇక్కడ మాత్రం 1948 పోలీసు చర్యతో అరబ్బు దళాలు రద్దయ్యాయి. కొందరు తిరిగి వెళ్ళిపోయారు. ఉండిపోయినవారు ఉండిపోయారు, తమ తిండినీ పాటనూ కాపాడుకుంటూ. మర్ఫా వాయిద్యాల మోత లేకుండా పాతబస్తీలో పెళ్ళి ఊరేగింపు కదలదంటే అది వాళ్ళ చలవే.

మరి గహ్వా? అదీ వాళ్ళు తెచ్చిందే. పాలు కలపని కాఫీ, అందులో శొంఠి ఘాటు. దాన్ని గ్లాసు నిండా పోసుకుని గటగటా తాగేయరు. నాలుగు గుక్కల్లో అయిపోయే చిన్న కప్పులో తాగాలి. చెవి ఉండదు. కాబట్టి మరీ వేడిగా ఉంటే పట్టుకోలేం. పట్టుకోగలిగామంటే తాగగలిగే వేడికి వచ్చిందన్నమాట!

చీనీ కాదు... పింగాణీ!

తెల్లని గాజుపూత సామానుకి ఒక్కో భాష ఒక్కో పేరు పెట్టుకుంది. ఇంగ్లిషువాడు 'చైనా' అన్నాడు. ఉర్దూలో 'చీనీ' అన్నారు. ఇద్దరూ సరుకు వచ్చిన దేశం పేరే పెట్టేశారు. (అనంతపురం, కడప వైపు బత్తాయిని చీనీ కాయ అంటారు. అది వేరే కథ.) 'పోర్సిలీన్' అన్న మాట ఇటలీవాళ్ళది. నిగనిగలాడే గవ్వకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది.

తెలుగువాళ్ళు మాత్రం దేశం పేరూ పెట్టలేదు, గవ్వ పేరూ పెట్టలేదు. గిన్నె పేరు పెట్టుకున్నారు. పార్సీలో 'పింగాన్' అంటే గిన్నె, కప్పు. మన 'పింగాణీ' అక్కణ్ణుంచి వచ్చిందేనని భాషావేత్తలు చెబుతారు. అరబ్బీలో 'ప' అక్షరం లేదు. అందుకే అదే మాట వాళ్ళ నోట 'ఫింజాన్' అయింది. మలయాళంలో పిఞ్ఞాణం, సింహళంలో పింగాన. సముద్రం దాటి మలేషియా వెళ్తే అక్కడ ఇంట్లో అన్నం తినే పళ్ళాన్ని ఇప్పటికీ 'పింగ్గాన్' అంటారు. ఓడ ఆగిన ప్రతి రేవులోనూ సరుకుతోపాటు ఆ మాట కూడా దిగిందన్నమాట. హద్రమౌత్ అరబ్బులు కూడా ఒక్క హైదరాబాద్‌కే రాలేదు. జావాకి వెళ్ళారు, సింగపూర్‌కి వెళ్ళారు, ఆఫ్రికా తీరానికీ వెళ్ళారు. ఆ మాట తిరిగిన దారులూ వాళ్ళు తిరిగిన దారులూ చాలావరకు ఒకటే.

నీలం ప్రయాణం

తెలుపు మీద నీలం అనగానే అందరికీ చైనా గుర్తొస్తుంది. కానీ ఆ నీలం చైనా సొంతం కాదు. సుమారు 1200 ఏళ్ళ కిందట ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు చైనా నుంచి వచ్చే తెల్లని గిన్నెల్ని చూసి ముచ్చటపడ్డారు. అలాంటి మట్టి వాళ్ళకి లేదు. మామూలు మట్టి గిన్నెకే తెల్లపూత పూసి, దాని మీద కోబాల్టు అనే ఖనిజంతో నీలిరంగు పువ్వులు గీశారు. చైనా వర్తకులు ఆ అభిరుచిని పసిగట్టడానికి ఎంతోకాలం పట్టలేదు. 9వ శతాబ్దంలో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర మునిగిపోయిన ఓ అరబ్బు ఓడ 1998లో బయటపడింది. అందులో దాదాపు 60 వేల చైనా పాత్రలుంటే, నీలిరంగు వేసినవి మూడే మూడు పళ్ళాలు. అప్పటికి అది ఇంకా ప్రయోగమే!

14వ శతాబ్దానికి ప్రయోగం కాస్తా పెద్ద పరిశ్రమ అయింది. ఇరాన్ నుంచి కోబాల్టు చైనాలోని జింగ్‌డెజెన్‌కు వెళ్ళేది. అక్కడ పళ్ళాల మీద పువ్వులై మళ్ళీ పడమటి దేశాలకు వచ్చేది. ఆ కాలపు పళ్ళాల్లో చాలావాటి వెడల్పు ఒక అడుగుకు పైమాటే. చైనావాళ్ళు చిన్న గిన్నెల్లో తింటారు. మరి అంత పెద్ద పళ్ళాలు ఎవరికి? ఒకే పళ్ళెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని తినే అరబ్బులకు, ఇరానీలకు, తురుష్కులకు. ఢిల్లీ తుగ్లక్‌ల కోటలోనూ అలాంటి పళ్ళాల ముక్కలు దొరికాయి. ఇప్పుడు బార్కస్ హోటల్లో మందీ ఆర్డరిస్తే నలుగురికీ కలిపి ఒకే పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం పెట్టి తెస్తారే, అలాంటి భోజనం కోసమే ఏడొందల ఏళ్ళ కిందట చైనా కుమ్మరి తన సారె మీద మట్టిని అంత వెడల్పుగా లాగాడు.

కప్పులు కావాలి... వేలల్లో!

ఇక జపాన్ సంగతి. 1590ల్లో జపాన్ సేనలు కొరియా మీద దండెత్తాయి. తిరిగి వస్తూ వస్తూ కొరియా కుమ్మరుల్ని కూడా తెచ్చుకున్నాయి. వాళ్ళలో ఒకరు యి సామ్‌ప్యోంగ్. జపాన్‌వాళ్ళు రి సంపేయి అంటారు. క్యూషూ దీవిలోని అరిత అనే ఊళ్ళో ఇజుమియామా కొండ దగ్గర ఆయనకి పింగాణీకి పనికొచ్చే తెల్లరాయి దొరికింది. అది 1616లో జరిగిందని అక్కడివారు చెప్పుకుంటారు. 2016లో 400 ఏళ్ళ పండగ కూడా చేసుకున్నారు. ఆయన్ని తలుచుకునే గుడి ఒకటి ఆ ఊళ్ళో ఉంది. దాని ముందున్న తోరణ ద్వారాన్ని 1888లో రాతితోనో చెక్కతోనో కాకుండా పింగాణీతోనే కట్టారు. తెల్లటి స్తంభాలు, వాటి మీద నీలం లతలు!

1640ల్లో చైనాలో మింగ్ వంశం కూలిపోయింది. దేశమంతా యుద్ధాలు. జింగ్‌డెజెన్ బట్టీల నుంచి సరుకు రావడం దాదాపు ఆగిపోయింది. పింగాణీ వ్యాపారంతో లాభాలు చూసిన డచ్చి కంపెనీకి దిక్కుతోచలేదు. అప్పటికి నాగసాకి రేవులో దెజిమా అనే చిన్న దీవిలో వాళ్ళకో గిడ్డంగి ఉంది. పక్కనే అరిత. 1650లో కొద్దిపాటి సరుకు కొని చూశారు. నచ్చింది. 1659లో ఒక్కసారిగా 50 వేలకు పైగా వస్తువులు కావాలని ఆర్డరు పెట్టారు. అప్పటిదాకా చుట్టుపక్కల ఊళ్ళకు గిన్నెలు చేసుకుంటున్న కుమ్మరులు వాళ్ళు. ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి!

అసలు విశేషం ఏమిటంటే, ఆ ఆర్డరులో పెద్ద వాటా యూరప్‌కి కాదు. యెమెన్‌లోని మోఖా రేవుకి. ఆ రోజుల్లో ప్రపంచం తాగే కాఫీ అంతా ఆ దేశం నుంచే రావాలి. బాబా బుడాన్ నడుముకు ఏడు గింజలు కట్టుకుని చిక్కమగళూరు తెచ్చాడని చెప్పే కథ కూడా మోఖా కాఫీ గురించే. కాఫీ అమ్మేచోట కాఫీ తాగే కప్పులు కూడా అమ్ముడవుతాయి కదా! అలా జపాన్ నీలిరంగు కప్పు అరబ్బుల చేతికి వచ్చింది. బార్కస్ వారి పూర్వీకులది తూర్పున ఉన్న హద్రమౌత్. మోఖా పడమట ఎర్రసముద్రం ఒడ్డున ఉంది. అయినా తాగే కాఫీ అదే, కప్పు తీరూ అదే.

కుంచె నిండా టీ నీళ్ళు

చేత్తో వేసిన నీలిరంగు సామాను పేరు జపాన్‌లో 'సొమెత్సుకే'. తయారీ చూస్తే ఓపిక అంటే ఏమిటో తెలుస్తుంది.

పింగాణీకి వాడేది మామూలు కుండమట్టి కాదు, రాయి. దాన్ని ఒకప్పుడు వాగునీటి బలంతో లేచిపడే రోకళ్ళతో దంచేవారు. ఆ పొడిని నీళ్ళలో వడగట్టి, ముద్ద చేసి, సారె మీద ఎక్కిస్తారు. ఆరిన గిన్నెని ముందు ఓ మోస్తరు వేడిలో, సుమారు 900 డిగ్రీల్లో కాలుస్తారు. అప్పుడది సుద్దముక్కలా తడిని పీల్చేస్తుంది. బొమ్మ వేయాల్సింది దాని మీదే. కుంచె ఆనగానే రంగు లోపలికి ఇంకిపోతుంది. తుడిచి మళ్ళీ వేద్దామంటే కుదరదు. ముగ్గు వేసే చేతికి ఈ సంగతి బాగా తెలుసు. చుక్క పక్కకి పడితే పడిందే.

కోబాల్టు పొడిని నూరి టీ నీళ్ళలో కలపడం అరిత అలవాటు. టీలోని వగరు వల్ల రంగు సన్నగా, సాఫీగా పాకుతుందట. ముందు ఒకరు సన్నని కుంచెతో గీతలు గీస్తారు. వాటి మధ్య రంగు నింపే పని మరొకరిది. దీన్ని 'దామి' అంటారు. సంప్రదాయంగా ఆడవాళ్ళ పని. వాళ్ళ కుంచె మన సున్నపు కుంచెలా లావుగా ఉంటుంది. దాని నిండా పల్చని రంగునీళ్ళు పీల్చుకుని, వేళ్ళతో నొక్కుతూ ఓ చుక్కని పళ్ళెం మీదకి వదులుతారు. ఆ చుక్కని గీత దాటకుండా తిప్పుతూ, మిగిలిన నీటిని మళ్ళీ కుంచెతోనే వెనక్కి లాగేస్తారు. అంత లావు కుంచెతో, గోరంత రేకులో! ఎక్కడ చిక్కగా ఉండాలో ఎక్కడ పల్చబడాలో చేతికే తెలియాలి. ఎందుకంటే కంటికి తెలియదు. అప్పటికి ఆ రంగు నీలంగా ఉండదు, బూడిదరంగులో ఉంటుంది. పైన గాజుపూత పోస్తే అదీ కనిపించదు, పళ్ళెమంతా తెల్లముద్ద. 1300 డిగ్రీల బట్టీలోకి వెళ్ళి వచ్చాకే నీలం బయటపడుతుంది. అంటే వేసినవాళ్ళు తాము వేసింది ఏమిటో కొన్ని రోజుల తర్వాత గానీ చూడలేరు.

ఇంత కష్టం ఎంతకాలం సాగుతుంది? 1680ల్లో చైనా బట్టీలు మళ్ళీ వెలిగాయి. చవగ్గా ఇచ్చాయి. డచ్చివాళ్ళు మెల్లగా అటు తిరిగిపోయారు. 19వ శతాబ్దం చివర్లో జపాన్‌లోనే అచ్చు పద్ధతులొచ్చాయి. చిల్లుల కాగితం పెట్టి రంగు అద్దడం, రాగిరేకు అచ్చుతో ముద్రించడం. రోజుకి పదిచేసే చేతికి బదులు వందలు చేసే అచ్చు. 1990ల తర్వాత అరిత అమ్మకాలు బాగా పడిపోయాయి. హోటళ్ళు తగ్గించుకున్నాయి, ఇళ్ళలోనూ ఆ పెద్ద సెట్లు కొనేవారు తగ్గారు. చేత్తో వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ వాళ్ళ సామాను రోజూ అన్నం తినడానికి కాక అద్దాల బీరువాలోకి పోతోంది.

బందరు రేవు నుంచి మూసీ ఒడ్డుకి

మన దగ్గరికి ఈ సరుకు ఎలా వచ్చింది? డచ్చివాళ్ళు మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టింది 17వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే. అది గోల్కొండ రాజ్యానికి సింహద్వారం లాంటి రేవు. గోల్కొండ సుల్తానుల ఓడలు అక్కణ్ణుంచి మోఖాకూ వెళ్ళేవి. డచ్చి కంపెనీ తూర్పు దేశాల సరుకుతోపాటు పింగాణీని కూడా కోరమాండల్ తీరానికి పంపేది. పింగాణీ అంటే దక్కన్ దర్బారుల్లో అందం ఒక్కటే కాదు, ప్రాణభయం కూడా! ఆకుపచ్చ రంగు 'ఘోరీ' పళ్ళెంలో విషం కలిసిన అన్నం పెడితే పళ్ళెం పగిలిపోతుందని నమ్మేవారు. అలా పగిలిందో లేదో గానీ, వంటవాడు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండేవాడనుకోవచ్చు.

తెలుగు ఇళ్ళ సంగతి వేరు. అరిటాకు, విస్తరి, కంచు, ఇత్తడి. మడి వంటింట్లోకి పింగాణీ కప్పుకి ప్రవేశం ఉండేది కాదు. ఎంగిలి పోదన్న అనుమానం. అదే పింగాణీ పూతతో ఉన్న ఆవకాయ జాడీకి మాత్రం ఏ అడ్డూ లేదు. పైగా అటక మీద రాజాసనం. కప్పు చేసిన పాపమేమిటో, జాడీ చేసిన పుణ్యమేమిటో అమ్మమ్మలే చెప్పాలి.

ఇప్పుడు ఈ సామాను చూడాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. బార్కస్ నుంచి బస్సెక్కితే మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949) పెళ్ళి చేసుకోలేదు. ఉన్నదంతా ఇలాంటి వస్తువుల మీదే పెట్టారు. ఆయన పోయాక 1951లో దివాన్ దేవిడీలో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. 1968లో ఇప్పటి భవనానికి మారింది. గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గరా ముసుగు రెబెక్కా దగ్గరా జనం కిక్కిరిసి ఉంటారు. తూర్పు దేశాల గదులు మాత్రం కాస్త ఖాళీ. చైనా నీలం-తెలుపు సామాను అక్కడ ఉంది. జపాన్‌వి ఇమారి, సత్సుమా, కుతాని పింగాణీలు ఉన్నాయి. ఇమారి అంటే అరిత సరుకు ఓడ ఎక్కిన రేవు పేరు. (శుక్రవారం సెలవు. మర్చిపోయి వెళ్ళకండి.) చౌమహల్లా ప్యాలెస్‌లోనూ నిజాముల భోజన సామాను ప్రదర్శనకు పెట్టారు. ఇక ఫలక్‌నుమాలో భోజనాల బల్ల చుట్టూ ఒకేసారి 101 మంది కూర్చోవచ్చు. ఎవరి పళ్ళెం వారిదే, ఎవరి కప్పు వారిదే. ఆ గుట్ట దిగి బార్కస్ చేరితే నలుగురికీ ఒకటే పళ్ళెం.

మీ ఇంట్లో ఉందా?

గల్ఫ్ నుంచి వచ్చినవారు తెచ్చిన డిన్నర్ సెట్టు. తాతగారికి ఎవరో దొర ఇచ్చిన కప్పు. అటక మీద గడ్డిలో చుట్టిన పళ్ళెం. హైదరాబాద్ ఇళ్ళలో ఇలాంటివి ఏదో మూల ఉంటూనే ఉంటాయి. మెలమైన్ వచ్చాక, తర్వాత వాడి పారేసే ప్లేట్లు వచ్చాక చాలావరకు పాత సామానువాడి గంపలోకి వెళ్ళిపోయాయి. ఉన్నదాన్ని ఇచ్చేసే ముందు ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి.

ఒకే పళ్ళెం మీద ఒకేలాంటి రెండు పువ్వులు ఉంటే పోల్చి చూడాలి. చేత్తో వేస్తే ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. రేకు వంపులోనో ఆకు మొనలోనో. నింపిన నీలం ఒకచోట చిక్కగా, అంచుల్లో పల్చగా, నీళ్ళు ఆరిన మరకలా కనిపిస్తే అది లావు కుంచె పని. భూతద్దంలో చిన్న చిన్న చుక్కలు కనిపించినా, అంచు చుట్టూ తిరిగే లత ఒకచోట అతకకుండా తెగినా అది అచ్చు.

పళ్ళెం బోర్లించాలి. అడుగున మధ్యలో మూడో అయిదో చిన్న చుక్కల్లాంటి మచ్చలుంటే చాలావరకు జపాన్‌దే. బట్టీలో పళ్ళెం మధ్యభాగం కుంగకుండా కింద పెట్టిన మట్టి మేకుల గుర్తులవి. చైనా అక్షరాలున్నాయి కదా అని చైనాదే అనుకోకూడదు. అరితవాళ్ళు మింగ్ చక్రవర్తుల ముద్రల్ని మొహమాటం లేకుండా దించేసేవారు! 'నిప్పన్' అని ఇంగ్లిషులో ఉంటే మాత్రం అది సాధారణంగా 1891-1921 మధ్యది. సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేశాక వచ్చిన ముద్ర అది. 1921 తర్వాత 'జపాన్' అని వేశారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నేళ్ళు 'ఆక్యుపైడ్ జపాన్' అని వేశారు, 1952లో ఆపేశారు. నొరితాకే అని ఉంటే అది 1904లో పుట్టిన కంపెనీ. వాళ్ళు మొదటి పూర్తి డిన్నర్ సెట్టు చేసింది 1914లో. వాటిలో చేత్తో వేసినవీ ఉన్నాయి, అచ్చువీ ఉన్నాయి. గీతల్నే అడగాలి.

కడగడానికి పీచూ బూడిదా వద్దు. గాజుపూత కింది నీలానికి ఏమీ కాదు గానీ, పైన బంగారు గీత ఉంటే చెరిగిపోతుంది. బంగారు గీత ఉన్నదాన్ని మైక్రోవేవ్‌లో అసలే పెట్టకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో గుడ్డముక్క వేయాలి. అడుగు అంచుకి పూత ఉండదు, గరుగ్గా ఉంటుంది. కిందిదాని మొహం గీసుకుపోయేది అక్కడే.

కప్పయితే గూట్లో పెట్టేయకుండా అప్పుడప్పుడు వాడుకోవచ్చు. అది పుట్టిందే అందుకు. అరబ్బుల మర్యాద ప్రకారం కప్పు నిండా పోయకూడదు. నిండా పోస్తే ఇక వెళ్ళమని అర్థం. అడుగున కాస్త పోస్తారు, తాగగానే మళ్ళీ పోస్తారు. అతిథి ఇక చాలు అని నోటితో చెప్పక్కర్లేదు. ఖాళీ ఫింజాన్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కొద్దిగా ఊపితే చాలు, పోసేవారు కప్పు అందుకుంటారు.